వేడినీళ్ళకు గ్రాంటు ఎవరిస్తారు?

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆయుర్వేదంలో డిగ్రీ పూర్తి చేసిందట, పరిశోధనలోకి పోవాలని ఉందట. "మేడమ్, మీ రోజుల్లో ఫెలోషిప్పులు ఎట్లా ఉండేవి? ఇప్పుడు నేను ఏ పథకానికి దరఖాస్తు పెట్టుకుంటే మంచిది?" అని అడిగింది. గంటసేపు కూర్చుని నాకు తెలిసిన పథకాల సంగతులు చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాకు కుదురు లేకుండా పోయింది. చెప్పినవన్నీ నిజాలే. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. రెండు రోజులు వసారాలో అటూ ఇటూ తిరిగి, చివరికి, ఆమెలాగా ఈ దారిన పోదలుచుకున్న మీ కోసం ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మార్చి నెల

మాది నెల్లూరు. మా నాన్న మిషను బడిలో తెలుగు పంతులు. యాభైల నడిమిలో నన్ను మద్రాసు పంపి, మన వైద్యమూ ఇంగ్లీషు వైద్యమూ కలిపి నేర్పే కోర్సులో చేర్పించారు. రెండూ తెలిసిన డాక్టరుకు ఎక్కడైనా ఆదరణ ఉంటుందని ఆయన నమ్మకం. బయటికి వచ్చాక తెలిసింది, మాది రెంటికీ చెడ్డ రేవడి బతుకని. ఇంగ్లీషు డాక్టర్లు మమ్మల్ని ఆకుపసరు బాపతు అనేవాళ్ళు. వైద్యులేమో సూదిమందు బాపతు అనేవాళ్ళు. ఉద్యోగాల ప్రకటనల్లో మా చదువు పేరే కనపడేది కాదు.

అట్లాంటి రోజుల్లో సముద్రతీరంలో జనం వాడే మూలికలను పరీక్షించేందుకు ప్రభుత్వం ఒక స్కీము మంజూరు చేసింది. నెల్లూరులో ఒక అద్దె ఇంట్లో ఆఫీసు. దానికి అధికారి శేషగిరిరావు గారు. ఆయన కింద నేను, మందులు కాచే అతను, గుమాస్తా. మొత్తం నలుగురం. స్కీము ఒక్కోసారికి ఏడాది మాత్రమే. ఏడాది ముగిసేలోపు పొడిగింపు ఆర్డరు వస్తే మేం ఉంటాం, రాకపోతే లేం.

మార్చి నెలలో నేను ఏ పనీ సరిగా చేసిన జ్ఞాపకం లేదు. పోస్టుమాను సైకిలు బెల్లు వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి లేచి నిలబడేదాన్ని. గుమాస్తా కూడా లేచేవాడు. శేషగిరిరావు గారు మాత్రం తల ఎత్తేవారు కాదు, కానీ ఆయన చేతిలో కలం ఆగిపోయేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పరిశోధన అనగానే మీరు భూతద్దాలూ గాజు గొట్టాలూ ఊహించుకుంటారు. నా మటుకు నాకు ముందు గుర్తొచ్చేది ఆ బెల్లు. మేం ఏ ప్రశ్న అడగాలి, ఏ ప్రశ్న అడగకూడదు అన్నది కూడా సగం అదే తేల్చేది.

శేషగిరిరావు గారు

ఆయన మంచి పనిమంతుడు. సంస్కృతం బాగా వచ్చు, రసాయనశాస్త్రం ఇంకా బాగా వచ్చు. దరఖాస్తు రాయడంలో ఆయనను మించినవాడిని నేను చూడలేదు. నా చేత మొదటి నివేదిక నాలుగుసార్లు తిరగరాయించారు.

అందులో నేను ఒకచోట, "మైపాడులో పోలమ్మ అనే ఆమె ఈ వైద్యం చేస్తుంది" అని రాశాను. ఆయన ఆ వాక్యం మీద గీత పెట్టారు.

"ఆకు పేరు రాయమ్మా. మనిషి పేరెందుకు? 'స్థానికుల వాడుక' అంటే చాలు."

"ఆమే కదండీ మనకు చెప్పింది?"

"ఆమె పేరు రాస్తే ఇది ఒక ముసలమ్మ చిట్కా అవుతుంది. ఆకు పేరు రాస్తే పరిశోధన అవుతుంది. మనకు కావాల్సింది రెండోది."

నేను తలూపాను. నచ్చక కాదు ఊపింది, నచ్చే ఊపాను. ఆ వయసులో నాకూ పరిశోధన అనే మాటే ముద్దుగా ఉండేది.

సీసా

మైపాడు ఒడ్డున అలివి వల లాగేటప్పుడు జనం నడుములోతు నీళ్ళలో నిలబడతారు. కాళ్ళ కింద ఇసకలో టేకు చేప పడుకుని ఉంటుంది. పళ్ళెంలాగా పరుచుకుని, కొరడాలాంటి తోకతో ఉంటుందది. తొక్కితే తోకలోని ముల్లు దించుతుంది. ప్రాణం పోవడం అరుదే కానీ, ఆ నొప్పికి ఎంత మొగవాడైనా ఇసకలో పడి దొర్లాల్సిందే.

పోలమ్మ వైద్యం దానికే. అరవై దాటిన మనిషి. చేపలకు ఉప్పు పట్టించీ పట్టించీ అరచేతులు చెప్పు అట్టల్లాగా ఉండేవి. ముల్లు గుచ్చుకున్నవాడిని తీసుకురాగానే కుండలో నీళ్ళు కాచేది. ఒడ్డంతా పాకే బాలబంద తీగ ఆకులు, మేక గిట్ట ఆకారంలో ఉంటాయి, అవి నీళ్ళలో వేసేది. తర్వాత కాలు ఆ నీళ్ళలో పెట్టించి, చివర ఆ ఆకులే కాలికి చుట్టేది. కాసేపటికి మనిషి లేచి కూర్చునేవాడు. ఇది నేను నా కళ్ళతో చాలాసార్లు చూశాను. ఆకులో ఏదో గుణం ఉందని మా ఆఫీసంతా నమ్మాం. శేషగిరిరావు గారు ఆ ఆకు నుంచి సారం తీసి సీసాల్లో పోయించారు. ఆ సీసాల మీదే మా పొడిగింపు ఆధారపడి ఉందని అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే తొలి బస్సుకు మైపాడు పోయాను. సీసాలు పాడుకాకుండా తడి ఇసక పోసిన బుట్టలో పెట్టుకున్నాను. ఎండ ఎక్కకముందే ఎల్లయ్య అనే అతన్ని ఇద్దరు మోసుకొచ్చారు. తాడులాంటి ఒళ్ళు, పెద్ద మనిషి. మడమ పక్కన గాయం. పోలమ్మ అప్పటికే పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

"ఈ పూట నీ పొయ్యి వద్దు పోలమ్మా," అన్నాను. "ఈ సీసాలో ఉండేది నీ ఆకు రసమే. దీంతోనే తగ్గిందనుకో, గవర్నమెంటు మందు చేసి ఊరూరికీ పంపిస్తుంది."

"చల్లగా ఉండాదే ఇది," అంది సీసా పట్టుకుని.

"చల్లగా ఉంటే ఏం? ఆకు అదే కదా."

ఆమె కుండ దించి పొయ్యి పక్కన పెట్టింది. నేను గవర్నమెంటు మనిషిని. గాయం కడిగి, సారంలో తడిపిన దూది వేసి కట్టాను. గడియారం చూసి నోటుబుక్కులో రాశాను. అయిదు నిమిషాలయ్యాక మళ్ళీ చూసి, "నొప్పి అట్లాగే ఉంది" అని రాశాను. మళ్ళీ అయిదు నిమిషాలకు అదే మాట. ఎల్లయ్య వల తాడు పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళ అన్న నా వైపు చూసి, "ఏందిమ్మా ఇది, రాసుకుంటా ఉండావు?" అన్నాడు. కొంచెం ఓపిక పట్టమన్నాను. గంట దాటింది. నా పుస్తకంలో ఒక పేజీ నిండింది.

పోలమ్మ లేచొచ్చింది. నా భుజం పట్టుకుని పక్కకు జరిపింది.

"రాసింది చాల్లే అమ్మణ్ణీ, లే."

కట్టు విప్పి పారేసి, కుండ దగ్గరికి లాగి, అతని కాలు నీళ్ళలో పెట్టించింది. ఆ నీళ్ళలో ఆకు పడలేదు. దగ్గరలో ఉన్న ఆకంతా నా సీసాల కోసం ముందురోజే కోసుకుపోయాం. నీళ్ళు అప్పటికే పొయ్యి పక్కన చల్లారి ఓర్చుకునే వేడిలో ఉన్నాయి. ఎల్లయ్య అరుపు మూలుగయింది. మూలుగు ఆగింది. కొంతసేపటికి బీడీ అడిగాడు.

నిజం చెబుతాను. అప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. ఆకు కాదు, వేడి! ఒక సంగతి తెలిసింది! అని గుండె కొట్టుకుంది. ఆ తర్వాత ఎల్లయ్య కొరికిన తాడు వైపు చూశాను. పీచులు పీచులుగా ఊడిపోయి ఉంది. సిగ్గు అప్పుడొచ్చింది. ఈ రెండూ ఏ వరసలో వచ్చాయో నేను మర్చిపోలేదు, మీరూ మర్చిపోవద్దు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు మొదటిది ఎప్పుడూ ముందే వస్తుంది. రెండోది రావడం మానేసిన రోజు మీరు వేరే పని వెతుక్కోవాలి.

కుండ నీళ్ళు

మరుసటి రోజు శేషగిరిరావు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క మనిషిని చూసి ఎట్లా చెబుతావు?"

"ఇంకా చూద్దామండీ. వట్టి వేడినీళ్ళతో."

"చూసి? తేలిందనుకో. వేడినీళ్ళకు గ్రాంటు ఎవరిస్తారమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మన ఫారంలో మూలిక పేరు రాయడానికి గడి ఉంది. అందులోని పదార్థం రాయడానికి గడి ఉంది. కుండ నీళ్ళు రాయడానికి గడి లేదు. సారాన్ని వేడి చేసి వాడి చూడు. అప్పుడు ఆకూ ఉంటుంది, గుణమూ ఉంటుంది."

ఆయనను మోసగాడని అనుకోకండి. గుమాస్తాకు ముగ్గురు పిల్లలు. మందులు కాచే అతని తల్లి మంచంలో ఉంది. మా అందరి భారం ఆయన నెత్తి మీద ఉంది. కానీ వేడి చేసిన సారం అంటే అబద్ధానికి దుప్పటి కప్పడమే. నాకు ఒళ్ళు మండింది. వాదించే ధైర్యం లేదు, ఊరుకునే ఓర్పూ లేదు. ఇంటికి పోయినా కూర్చోలేకపోయాను. అన్నం ముందు నుంచి లేచిపోతుంటే మా అమ్మ, "నీకేమైనా పట్టిందా?" అని అడిగింది.

ఆ తొందరలో చేసిన పని నా రెండో తప్పు, మొదటిదాని కంటే పెద్దది.

రమణమ్మ కాలు

ఒడ్డుకు కొంచెం దూరంలో ఒక చిన్న డిస్పెన్సరీ ఉండేది. అక్కడి కాంపౌండరు దగ్గరికి పోయి, "టేకు ముల్లు కేసు వస్తే కాలు వేడినీళ్ళలో పెట్టించు. ఆకూ అలమూ ఏమీ అవసరం లేదు, పరీక్ష చేసి చూశాం," అని గొప్పగా చెప్పాను. ఎంత వేడి అని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. నాకు అది ప్రశ్నే కాదు, వేడి అంటే వేడి.

కొద్దిరోజులకే రమణమ్మ అనే ఆమె రొయ్యలకు దిగి ముల్లు గుచ్చుకుని అక్కడికి పోయింది. కాంపౌండరు మసిలే నీళ్ళు బేసిన్‌లో పోశాడు. ఆ నొప్పిలో ఆమెకు కాలు కాలుతున్న సంగతి తెలియలేదు. తెలిసేసరికి పాదం నిండా బొబ్బలు.

నేను పోయేటప్పటికి ఆమె పోలమ్మ గుడిసె ముందర కాలు చాపుకుని కూర్చుని ఉంది. పోలమ్మ కాలిన చోట ఏమీ పుయ్యకుండా, పలుచని తడిగుడ్డ కప్పి విసురుతోంది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగితేగానీ రమణమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఆకు అవసరం లేదని నువ్వే చెప్పినావంట?" అంది పోలమ్మ నా వైపు చూడకుండానే.

"అవును. ఎల్లయ్యకు ఆకు లేకుండానే తగ్గింది కదా?"

"ఆకు మందని నీకు ఎవురు చెప్పినారు?"

ఏడాదిన్నర ఆమె వెంట తిరిగాను. ఆకు ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు కోస్తావు, ఎన్ని వేస్తావు అని అడిగాను. ఎందుకు వేస్తావు అని ఒక్కసారి కూడా అడగలేదు. సమాధానం నాకు తెలుసనుకున్నాను.

పోలమ్మ లేచి, పొయ్యి మీది కుండలోకి ఒక ఆకు వేసింది. ఆకు వెంటనే వాడి, పచ్చదనం చచ్చి, ముద్దలాగా అయింది. కుండ దించి కొంచెంసేపు ఆగి ఇంకో ఆకు వేసింది. అది మెల్లగా వాడింది. ఇంకాసేపు ఆగి మూడోది వేసింది. అది రంగు మారకుండా తేలింది.

"ఇప్పుడు పెట్టచ్చు కాలు. ఆకు తట్టుకున్న ఏడి మనిషి తట్టుకుంటాడు."

"చెయ్యి పెట్టి చూడచ్చు కదా?"

ఆమె తన అరచేతులు నా ముందు చాపింది. "ఈ చేతులకు ఏం తెలుస్తాది? నిప్పు పట్టుకున్నా తెలవదు. ముల్లు దిగినోడికా, వాడికి ఒళ్ళే తెలవదు. ఇంగ ఎవుర్ని అడగమంటావు? ఆకునే అడగాల."

కాలికి చుట్టడమెందుకంటే, వాడిన ఆకును పారేయడం ఇష్టం లేక, చుడితే ఈగలు వాలవని. అంతే. మేం సీసాల్లో నింపి, మూతలకు మైనం పెట్టి, చీటీలు అంటించి దాచుకున్నది ఆమె ఉష్ణమాపకాన్ని.

రమణమ్మ మాత్రం, "తెలవక జరిగింది లేమ్మా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కాలు మానడానికి చాలా వారాలు పట్టింది. అన్ని వారాలూ పోయి కట్టు మార్చాను. అది ఉపకారం కాదు. నేను చెయ్యగలిగింది అంతకన్నా ఏమీ లేదు.

తనిఖీ

ఈ సంగతి శేషగిరిరావు గారికి చెప్పలేదు. ఇది మూడో తప్పు. చెబితే పొడిగింపు పోతుందని భయం కొంత, ఆయన ముందు చిన్నదాన్నవుతానని భయం కొంత. రోజూ చెబుదామనుకుని ఆయన గది గడప దాకా పోయి తిరిగి వచ్చేదాన్ని.

ఆ ఏడాది పొడిగింపు ముందు హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టాం. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి వెలుతురులో చూశారు. శేషగిరిరావు గారు వివరిస్తుంటే నా వైపు తిరిగి, "ఒడ్డున పని చేసింది మీరే కదా? ఈ ఆకులో పనిచేసే పదార్థం ఉన్నట్టేనా?" అని అడిగారు.

'పని సాగుతోందండీ' అనాలి. అట్లా అనమనే మాకు నేర్పారు. నా నోటి నుంచి వచ్చింది వేరే.

"లేదండీ. ఆకు పని చేయదు. వేడి పని చేస్తుంది. ఆ వేడి ఎంతుండాలో ఆకు చెబుతుంది."

పోలమ్మ పేరు చెప్పాను. సీసా సంగతి, ఎల్లయ్య సంగతి, రమణమ్మ కాలు సంగతి, అన్నీ ఒక్క బిగిన చెప్పేశాను. శేషగిరిరావు గారి ముఖం పాలిపోయింది. రమణమ్మ పేరు ఆయన వినడం అదే మొదలు.

అధికారి మర్యాదగానే విన్నారు. "చాలా బాగుందమ్మా," అన్నారు. "అయితే మా పథకం మందుల కోసం. పద్ధతుల కోసం కాదు."

ఆ మార్చిలో పోస్టుమాను తెచ్చిన కవరులో స్కీము ముగించమని ఉంది.

గుమాస్తా నాతో మాట్లాడటం మానేశాడు. ఆఖరి రోజున శేషగిరిరావు గారు నన్ను పిలిచి కూర్చోమన్నారు.

"నువ్వు అబద్ధం చెప్పలేదు. దానికి నిన్ను ఒక్క మాట అనను. కానీ నాకు ముందు చెప్పి ఉండాల్సింది. నేను కాదంటానని నువ్వే తేల్చేసుకున్నావు. ఏమో, ఆ రమణమ్మ కాలు చూసి ఉంటే నేనే రాసేవాణ్ణేమో. నాకు ఆ అవకాశం ఇవ్వలేదు నువ్వు."

నిజం చెప్పడం ఒకటి, నిజాన్ని పదిమందిలో మనిషి మీదికి విసరడం ఒకటి. నేను చేసింది రెండోది కూడా. చివరి నివేదికలో ఆయన ఆకు పేరు పక్కన పోలమ్మ పేరు తన చేత్తో రాసి పంపారు. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు.

జీతం

పోలమ్మకు చెప్పడానికి పోయాను.

"స్కీము మూసేశారు. ఇంక నేను రాను పోలమ్మా."

"నీకు జీతం ఇచ్చేవోళ్ళు వద్దన్నారా?"

"అవును."

"నాకెవురూ జీతం ఇయ్యలేదే. నేను రోజూ వస్తా ఉండానే?"

ఈ మాట విని కన్నీళ్ళు పెట్టుకున్నానని రాస్తే మీకు బాగుంటుంది. కానీ నాకు కోపం వచ్చింది. ఆమెకు వలలో వాటా ఉంది, గుడిసె ఉంది, కొడుకులున్నారు. నాకు ఆ జీతం తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగి బస్సెక్కాను. సరుగుడు తోటలు దాటేవరకూ ఆమెతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను.

మీకు చెప్పేదేమిటంటే, జీతం లేకుండా పరిశోధన చెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆకలి మీద ఆలోచన నిలవదు. గ్రాంటు ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళూ కారు, వాళ్ళ ఫారాల్లో ఉన్న గళ్ళు వాళ్ళు నింపుకోవాలి. ఆ గళ్ళేమిటో తెలుసుకోండి, నింపండి. కానీ గళ్ళలో పట్టనిదాన్ని రాసుకోవడానికి సొంత పుస్తకం ఒకటి పెట్టుకోండి. అందులో మనుషుల పేర్లు రాయండి.

చాలాకాలం దరఖాస్తులు పెట్టాను. ఇంటర్వ్యూల్లో నన్ను ఏ శాఖలో వెయ్యాలో వాళ్ళకు తెలిసేది కాదు. చివరికి దొరవారిసత్రం వైపు ఒక పల్లె వైద్యశాలలో పని దొరికింది. చేరిన వారంలోనే ఒక రైతు కూలీని భార్య తీసుకొచ్చింది. వరి కోస్తుంటే కొడవలి తగిలి కాలు తెగింది. గాయం చుట్టూ వెడల్పాటి ఆకులు దగ్గరగా పేర్చి, నారతో నేర్పుగా కట్టి ఉంది.

నేను పుస్తకం తీశాను. ఈసారి తప్పు చెయ్యదలుచుకోలేదు. ఏ ఆకు, ఎక్కడ కోశావు, వేడి చేశావా, పచ్చిదే కట్టావా అని అడిగి, చివరికి అడగాల్సింది కూడా అడిగాను.

"ఈ ఆకే ఎందుకు కట్టావమ్మా?"

ఆమె నా ముఖంలోకీ, నా చేతిలో కలంలోకీ చూసి, నేనేదో తప్పు పడుతున్నాననుకుని తల దించుకుంది.

"కట్టేదానికి ఇంట్లో గుడ్డ లేదమ్మా," అంది.

నేను కలానికి మూత పెట్టి, లేచి బీరువాలోంచి కట్టుగుడ్డ తెచ్చాను.